ఊపిరి బిళ్ళ

ఒకే గాజు సీసాలో ఏడు సెన్సర్లు పెట్టి ఒకే గాలి వదిలితే, ఏడూ ఏడు రకాలుగా చెప్పాయి. ఒకటి ప్రమాదం ముంచుకొచ్చిందంది. ఒకటి అసలు గ్యాసే లేదంది. మిగిలినవి మధ్యలో నీళ్ళు నమిలాయి. రజిత తల పట్టుకుని కూర్చుంది. "మీటింగులో మన ఆఫీసర్లు ఇంతకంటే ఏం వెలగబెడుతున్నారులే" అన్నాను నేను. ఆమె నవ్వలేదు.

నవ్వే పరిస్థితి కాదు కూడా. అంతకుముందు ఏడాది మా నల్లవాగు బొగ్గు గనిలో ఇద్దరు మనుషులు గ్యాసుకు చనిపోయారు. వాళ్ళను బయటికి తెచ్చినప్పుడు చేతిలో ఉన్న డిటెక్టరు ఇంకా పనిచేస్తూనే ఉంది. గాలి బాగానే ఉందని చెబుతూనే ఉంది.

నేను వనజను. రజిత సెన్సర్లు చేస్తుంది, అవి చెప్పేదాన్ని కంప్యూటర్లో లెక్కగా మార్చే పని నాది. కంపెనీ వదిలేసిన పాత డిస్పెన్సరీ గదే మా ల్యాబు. సెన్సరంటే పెద్ద వస్తువేమీ కాదు, గోరులో సగం ఉండే ట్రాన్సిస్టరు. దాని మీద పూసిన సన్నటి పూత మీద గ్యాసు వాలితే లోపల నడిచే కరెంటు మారుతుంది. ఆ మార్పును చదివి గ్యాసు ఎంతుందో చెబుతాం. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ ఆ పూత గ్యాసుకే కాదు, వేడికీ లొంగుతుంది, తేమకీ లొంగుతుంది, వయసుకీ లొంగుతుంది. కొన్ని వారాలకు మొద్దుబారుతుంది, లేదా ఊరికే ఉలిక్కిపడుతుంది. దాన్ని సరిదిద్దాలంటే ఇంత అని ముందే తెలిసిన గ్యాసును సిలిండర్లో తెచ్చి చూపించాలి. భూమి లోపల, మనిషి వంగి నడిచే చోటికి, సిలిండర్ ఎవడు మోసుకుపోతాడు?

ఆ మధ్యాహ్నం రజిత భర్త సదానందం మొదటి షిఫ్టు దిగి, టిఫిన్ క్యారియర్ పట్టుకుని వచ్చాడు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే సపోర్ట్‌మన్ పని ఆయనది. మనిషి ఎప్పుడూ హుషారే.

"ఏంది వనజక్కా, ఇంకా గా సీసా ముంగటనే కూసున్నరా? అన్నం సల్లగయితంది."

అంటూ సీసాలోంచి ఒక సెన్సర్ తీసి, కళ్ళజోడు అద్దం తుడిచేవాళ్ళు ఊదినట్టు దాని మీద 'హా' అని ఊదాడు. నా స్క్రీన్ మీద గీత చివాలున లేచింది.

"అయ్యో, పాడుచేసినవ్ పో! నీ నోటి తడంతా దానికే పెట్టినవ్" అని రజిత గయ్యిమంది.

నేను మాత్రం గీతనే చూస్తున్నాను. "ఇంకోసారి ఊదు సదానందం" అన్నాను. ఊదాడు. మళ్ళీ అంతే ఎత్తు. ఏడింటి మీదా ఊదించాను. మొద్దుబారిన సెన్సర్లో గీత తక్కువ లేచింది, ఉలికిపాటు సెన్సర్లో ఎక్కువ లేచింది. ఊదింది ఒకే మనిషి, ఒకే ఊపిరి కాబట్టి ఆ తేడా సెన్సర్లదే. ఆయన ఊపిరిని కొలబద్దగా పెట్టుకుని ఏడింటి లెక్కా సరిచేశాను. ఏడూ ఒకే మాట చెప్పాయి.

రజిత లేచి, నేను ఉన్నానని కూడా చూడకుండా, బొగ్గు మసి వదలని ఆ మనిషి మెడను చుట్టేసుకుంది. ప్రతి మనిషీ తన సిలిండర్ను తన ఛాతీలోనే మోసుకుని గనిలోకి దిగుతున్నాడని మాకు అప్పుడు తట్టింది.

అలా పుట్టింది ఊపిరి బిళ్ళ. వెనకటి రోజుల్లో కార్మికులు మెడలో వేసుకుని దిగిన ఇత్తడి బిళ్ళంత ఉంటుంది. మొదట మనిషి దానిలోకి ఊదితే ఆ ఊపిరి తీరును పేరుతో సహా దాచుకుంటుంది. తరువాత గనిలో అతను మాట్లాడినా, ఆయాసపడినా, తగిలిన ఊపిరిని ఆ దాచుకున్న దానితో పోల్చుకుని తన లెక్కను తానే సరిదిద్దుకుంటుంది. పైన కంట్రోల్ రూములో కూర్చున్న మాకు గని గోడల వెంట వేసిన కేబుల్ ద్వారా గ్యాసు లెక్కా, ఊపిరి గీతా రెండూ కనిపిస్తాయి. ఊపిరి సరిగా తగలకపోతే మేం ఇక్కడ బటన్ నొక్కుతాం, అక్కడ బిళ్ళ మీద చిన్న లైటు మెరుస్తుంది. ఊదమని దానర్థం.

ఆరు నెలలు సదానందం మీదే పరీక్షించాం. ఇంట్లో కూడా ఆ బిళ్ళ ఆయన మెడలోనే ఉండేది. రజిత వంటింట్లోంచి బటన్ నొక్కేది. ఆయన మంచం మీద పడుకుని ఒకసారి పొడుగ్గా ఊది, వెంటనే రెండుసార్లు పొట్టిగా 'హు, హు' అనేవాడు. ఆ రెండూ వేళాకోళానికి. 'ఊదిన తియ్యవే' అని. కుర్రతనంలో కబడ్డీ ఆడుతూ ముక్కు విరగ్గొట్టుకున్నాడు కాబట్టి పొడుగు ఊపిరి చివర్లో చిన్న విరుపు ఉండేది, గీత దిగుతూ దిగుతూ ఒకచోట తట్టుకుని మళ్ళీ దిగేది. ఆ విరుపును నేను నిద్రలో లేపి అడిగినా గీసి చూపించగలను. ఇక కట్టుకున్న ఆమె సంగతి చెప్పాలా?

గనిలో అందరికీ బిళ్ళలిచ్చే రోజు దిగేవాళ్ళకు దీపాలిచ్చే లాంప్ రూము దగ్గర నేనే ఊదించి పేర్లు రాసుకున్నాను. పంపు ఆపరేటర్ ఓదెలు వంతు వచ్చింది. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, రజితకు వరసకు మామ అవుతాడు. ఆయన ఊదితే గీత సగం కూడా లేవలేదు.

"ఇంకొంచెం గట్టిగా ఊదండి" అన్నాను.

"ఉన్నదే గింత బిడ్డా. మిగిలినదంత బొగ్గు దుమ్మే" అని నవ్వాడు.

ఫరవాలేదన్నాను. ఎవరి బిళ్ళకు వాళ్ళ ఊపిరే కొలబద్ద, బలహీనమైనదైనా సరే, ఎప్పుడూ ఒకేలా ఉంటే చాలు. ఆ మాట నిజమే. కానీ ఊపిరి ఎవరిది ఎంత బలహీనమో ఆ రోజు నుంచి కంపెనీ కంప్యూటర్లో భద్రంగా పడి ఉందన్న సంగతి మాకు తట్టలేదు. మెడికల్ ఆఫీసుకు తట్టింది. ఊపిరి తగ్గుతున్నవాళ్ళ పేర్లు ఇమ్మన్నారు. రజిత ఇవ్వనంది. ఆమెను అడగకుండానే తీసుకున్నారు. పేరు పడ్డ మనిషిని అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపడం మొదలుపెట్టారు.

ఒక ఆదివారం వాళ్ళింట్లో మక్క గారెలు తింటున్నాం. సదానందం నోట్లో ముద్ద దిగడం లేదు.

"నీ బిళ్ళ గాలిని పసిగడతదనుకున్న రజితా. మనిషిని పట్టిస్తదనుకోలే."

"నేను అందుకు చేసిన్నా?"

"నువ్వెందుకు చేసినా, వాళ్ళు గందుకే వాడుతున్నరు. ఓదెలు మామ పెన్షన్ అందుకునేదాకన్న ఆగుతరా? పిలుస్తరు. రేపో మాపో పిలుస్తరు."

రజిత చెయ్యి కడిగేసుకుంది. ఆ గారెలు అలాగే మిగిలిపోయాయి.

ఇంకో గొడవ కూడా ఉండేది. దాచుకున్న ఊపిరితో తేడా వస్తే మా స్క్రీన్ మీద 'వేరే ఊపిరి' అని ఎర్రగా పడేది. జలుబు చేస్తే పడేది, ఖైనీ నమిలితే పడేది. పడినప్పుడల్లా పని ఆపాల్సి వస్తోందని మేనేజరు గారు గోల పెడితే, ఆ కట్టడిని నేనే వదులు చేశాను. ఆ తరువాత ఎర్ర అక్షరాలు రావడం మానేశాయి. అందరూ సంతోషించారు.

ఆ బుధవారం పొద్దున, షిఫ్టు సగంలో, పాత పనులు జరిగిన వైపు పైకప్పు కూలింది. దాని వెనక ఎక్కడో బొగ్గు రాజుకుంది. సైరన్ మోగేసరికి నేనూ రజితా కంట్రోల్ రూములోకి పరిగెత్తాం. మేనేజరు భూపతి గారు అప్పటికే అక్కడున్నారు. మంచి మనిషే, కానీ ఆ పూట ఒక ఫోన్ పెట్టకుండానే ఇంకోటి అందుకుంటున్నారు.

స్క్రీన్ మీద బిళ్ళలన్నీ ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి. 'సదానందం — పైన' అని కనిపించగానే రజిత కళ్ళు మూసుకుని తెరిచింది. ఒక్క బిళ్ళ మాత్రం కదల్లేదు. కూలిన రాళ్ళకు అవతల, నిట్టనిలువు దిగుడు చివర, పంపు దగ్గర ఆగిపోయింది. దాని మీద పేరు ఓదెలు.

"అయ్యో మామా" అంది రజిత. ఆ గొంతులో బాధ ఉంది, వెనకాల ఊరట కూడా ఉంది. ఆమెను నేను తప్పు పట్టను.

రెస్క్యూ టీం లీడర్ జనార్దన్ మరో ఐదుగురితో కూలిన చోటికి చేరుకున్నాడు. పైన సందు ఉందని, పాక్కుంటూ పోవచ్చని ఫోన్లో చెప్పాడు. ఇక తేలవలసింది గ్యాసు ఒక్కటే. అక్కడ ఊరే మీథేన్ నూటికి ఐదు పాళ్ళకు చేరితే, రాజుకున్న బొగ్గు నుంచి ఒక్క రవ్వ చాలు, అందరూ బూడిదే. అందుకని మూడు దాటితే రెస్క్యూ వాళ్ళు అడుగు పెట్టకూడదని గని నియమం. దాటితే సందు మూసి గోడ కట్టి, గాలి అందకుండా చేసి, మంటను చంపాలి. గోడ వెనక ఉన్నవాడి సంగతి ఎవరూ పైకి అనరు.

ఓదెలు బిళ్ళ రెండున్నర చెబుతోంది.

"పోవచ్చు" అన్నారు భూపతి గారు. "జనార్దన్, తయారవండి."

రజిత ఊపిరి సరిచూడటానికి బటన్ నొక్కింది. కొంచెం ఆగి గీత లేచింది. పొడుగ్గా లేచి, దిగుతూ దిగుతూ ఒకచోట తట్టుకుని, మళ్ళీ దిగింది. వెంటనే రెండు పొట్టి గీతలు. హు, హు.

రజిత చెయ్యి బటన్ మీదే ఉండిపోయింది.

"వనజక్కా" అంది.

అప్పుడే తలుపు తోసుకుని ఓదెలు లోపలికి వచ్చాడు. ఆయన మెడలో ఉన్న బిళ్ళ మీద సదానందం పేరుంది.

"బిడ్డా… నా బిళ్ళ ఆయన వేసుకున్నడు. వద్దన్న, ఇనలే. నా ఊపిరి తగ్గినట్టు కనపడొద్దని, నా పేరు మీద ఆయన ఊదుతున్నడు. గా దిగుడు ఎక్కలేనని నా డ్యూటీకి సుత ఆయననే పోతున్నడు, ఆయన జాగల నేనుంటున్న. పది దినాల సంది గిట్లనే…"

రజిత ఆయన్ని తిట్టలేదు. ఆయన వైపు చూడనే లేదు. ఆమె చూపు స్క్రీన్ మీద అంకె మీద ఉంది. ఏం ఆలోచిస్తోందో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే ఆలోచిస్తున్నాను. ఆ బిళ్ళకు ఓదెలు బలహీనపు ఊపిరి కొలబద్ద. దాని మీద సదానందం లాంటి గట్టివాడు ఊదితే గీత రెండింతలు లేస్తుంది. తానే ఉలికిపాటుగా చెబుతున్నానేమో అనుకుని బిళ్ళ తన లెక్కను సగానికి కోసేసుకుంటుంది. వదులు చేసిన కట్టడి ఎలాగూ నోరు మెదపదు. రెండున్నర అంటే రెండున్నర కాదు.

ఓదెలుకు ఆ లెక్క తెలియకపోయినా, మా మొహాలు చూసి ఏదో అర్థమైంది. రజిత చెవి దగ్గరికి వంగాడు.

"చెప్పకు బిడ్డా. ఎవ్వలకు తెలవదు. వాళ్ళను పోనియ్యి. జల్ది తెస్తరు."

ఆ మాట నా మనసులోనూ ఉందని దాచను. జనార్దన్ ఫోన్లో "పోతున్నం సార్" అంటున్నాడు. ఇంకొక్క క్షణం నోరు మూసుకుంటే చాలు.

"అక్కా, ఆయన ఊపిరి పెట్టు" అంది రజిత.

పెట్టాను. ఓదెలు కొలబద్ద తీసి సదానందం కొలబద్ద పెట్టాను. అంకె ఎగిరింది. ఐదు అంచున నిలిచింది.

రజిత మైకు లాక్కుంది. "జనార్దనన్నా, ఆగుర్రి! లోపలికి పోవద్దు. ఎన్కకు రార్రి, అందరు ఎన్కకు రార్రి!"

"ఏమైందమ్మా?" అని భూపతి గారు అరిచారు.

"లోపల ఉన్నది మా ఆయన సార్. లెక్క తప్పుంది. అయిదుంది."

ఆ గదిలో ఎవరూ కాసేపు ఆమె మొహం చూడలేకపోయారు. ఓదెలు గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. పాత గ్యాలరీ సొరంగం తలుపు తీయించి, పెద్ద ఫ్యాను గాలిని పంపు వైపు మళ్ళిస్తే గ్యాసు మెల్లగా పలచబడుతుంది. కానీ అదే గాలి మంటకూ అందుతుంది. ఏది ముందు జరుగుతుందో తెలియాలంటే లోపలి లెక్క నిమిష నిమిషానికీ నిజంగా తెలియాలి. బిళ్ళ నిజం చెప్పాలంటే దాని మీద ఊపిరి తగులుతూ ఉండాలి. సదానందం నోట్లో, గనిలో ప్రతివాడూ నడుముకు కట్టుకుని దిగే రక్షణ డబ్బా గొట్టం పెట్టుకుని ఉంటాడు. అదొక్కటే ఆయన్ని పొగ నుంచి కాపాడుతోంది. బిళ్ళ మీద ఊదాలంటే గొట్టం తీయాలి. ఊదిన మనిషి వెంటనే పీలుస్తాడు, అది ఎవరి చేతిలోనూ లేదు. ఆ పీల్చేది విషం.

బటన్ రజిత చేతి కింద ఉంది.

"నేను నొక్కుతాను, నువ్వు అవతలికి వెళ్ళు" అన్నాను.

"నేనే నొక్కుత. నా చెయ్యని ఆయనకు ఎర్కయితది."

అదెలా తెలుస్తుంది, లైటు ఎవరు నొక్కినా ఒకేలా వెలుగుతుంది కదా అని నేను అనలేదు. ఆమె నొక్కింది. లోపల పొగలో ఒక చిన్న లైటు మెరిసి ఉంటుంది. గీత లేచింది. విరుపు వచ్చింది. హు, హు. అంకె నాలుగున్నర.

తలుపు తెరిచారు. ఫ్యాను మళ్ళించారు. ఆమె నొక్కుతోంది, ఆయన ఊదుతున్నాడు. నొక్కిన ప్రతిసారీ ఆమె పెదవులు కదులుతున్నాయి. దగ్గరగా ఉన్నాను కాబట్టి వినబడింది: "ఊదకు… ఊదు… ఊదకు…" అంకె నాలుగైంది. మూడున్నరైంది. భూపతి గారు బల్ల మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయారు. ఈలోగా నేను చేయగలిగింది ఒకటే ఉంది. వదులు చేసిన ఆ కట్టడిని మళ్ళీ బిగించాను. ఇకమీదట ఎవరి ఊపిరి తగిలినా, దాచిన పేర్లన్నిటితో పోల్చి ఎవరిదో చెప్పి తీరాలని పెట్టాను.

ఆ వెనకటి రెండు పొట్టి గీతలు రావడం మానేశాయి. పొడుగుది ఒకటే వస్తోంది. తరువాత అదీ పొట్టిదైంది.

ఒకసారి నొక్కితే ఏమీ రాలేదు.

మళ్ళీ నొక్కింది. రాలేదు. ఊపిరి తగలని అంకె బూడిద రంగులోకి మారింది, అంటే నమ్మడానికి లేదని. "సదానందం!" అని స్క్రీన్‌ను పట్టుకుని అరిచింది రజిత. ఆ కేకలు భూమి లోపలికి ఎలా పోతాయి? మళ్ళీ మళ్ళీ నొక్కింది.

గీత లేచింది. చిన్నగా, సగం ఎత్తుకు. అంకె ఒక్కసారిగా ఐదుకు ఎగబాకింది.

గదిలో అందరూ ఒకేసారి "అయ్యో" అన్నారు. భూపతి గారు కుర్చీలో కూలబడి మొహం తుడుచుకున్నారు. "మళ్ళీ పెరిగింది. ఇక లాభం లేదమ్మా. గోడ కట్టించక తప్పదు. బయట ఆరుగురున్నారు."

"ఆగండి" అన్నాను నేను. ఎందుకంటే స్క్రీన్ మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి: వేరే ఊపిరి. దాని కింద, పేర్లన్నీ వెతికి అది తేల్చిన పేరు: ఓదెలు.

ఓదెలు నా పక్కనే ఉన్నాడు. గోడ పట్టుకుని లేచి, ఆ పేరునూ ఆ పొట్టి గీతనూ చూశాడు.

"గది నా ఊపిరే బిడ్డా" అన్నాడు నెమ్మదిగా. "నాది గట్లనే ఉంటది."

సదానందం ఊపిరి అంతగా పడిపోయి ఉండాలి. లేదా బిళ్ళే పొగకు మొద్దుబారి ఉండాలి. మనిషి బలహీనపడితే గ్యాసు లెక్క రెండున్నర, లోపలికి పోవచ్చు. బిళ్ళ మొద్దుబారితే లెక్క ఐదు, పోయినవాళ్ళు తిరిగి రారు. ఏళ్ళ తరబడి మేం చేసిన పనంతా ఈ ఒక్క ప్రశ్నకే. ఆ రోజు దాన్ని అడిగింది మంట.

రజిత గీతను పెద్దది చేసింది. వేలు పెట్టి దాని వెంట నడిచింది, గుడ్డివాళ్ళు మొహం తడిమినట్టు.

"ఎత్తు తగ్గింది" అంది. "బిళ్ళ మొద్దుబారితే ఎత్తొక్కటే తగ్గాలె. పొడుగు తగ్గొద్దు. సూడక్కా, పొడుగు సుత తగ్గింది. ఇరుపు ముంగటికొచ్చింది. బిళ్ళ మంచిగనే ఉంది." ఆమె ఏడ్చేసింది. "మనిషే అయిపోతున్నడు."

తన సెన్సర్ నిక్కచ్చిగా పనిచేస్తోందని తెలిసి అంతలా ఏడ్చిన మనిషిని నేను చూడలేదు.

నేను ఓదెలు కొలబద్ద మళ్ళీ పెట్టాను. ఎరుపు పోయి పచ్చ వచ్చింది. రెండున్నర.

"పోర్రి జనార్దనన్నా" అంది రజిత మైకులో. "నా మాట మీద పోర్రి. ఉరుకుర్రి."

జనార్దన్ వాళ్ళు సందులోకి పాకారు.

తెచ్చారు. ప్రాణంతోనే తెచ్చారు. పేలుడు జరగలేదు. ఆరుగురూ క్షేమంగా పైకి వచ్చారు. స్ట్రెచర్ మీద సదానందం చెయ్యి బిళ్ళను పట్టుకునే ఉంది, వేళ్ళు విడదీయడానికి డాక్టరు ఇబ్బందిపడ్డాడు. కానీ ఊపిరితిత్తులు కాలిపోయాయి. ఎన్ని మందులు వాడినా కొంతవరకే అన్నారు. నాలుగు మెట్లు ఎక్కితే కూర్చోవాలి. నవ్వితే దగ్గు. మెడికల్ ఆఫీసు ఆయన్ని అన్‌ఫిట్ చేసింది. ఆ కాగితం ఇవ్వడానికి వచ్చినవాడు రజిత మొహం చూడకుండా ఇచ్చి పోయాడు.

ఆ తరువాత రజిత ఎవరి మాటా వినలేదు. మనుషుల పేర్లూ ఊపిర్లూ అన్నీ కంప్యూటర్లోంచి తుడిచేయించింది. ఒక్కొక్కరి ఊపిరీ వేరువేరుగా దాచడం వల్లే కదా ఇదంతా అని, బిళ్ళలన్నిటికీ ఒకే కొలబద్ద పెట్టింది. పొద్దున గనిలోకి దిగే ముందు లాంప్ రూములో ఒక చిన్న మిషన్ ప్రతి బిళ్ళ మీదా ఊదుతుంది. తోలు సంచి, సన్నటి గొట్టం, లోపల వెచ్చటి తడిగాలి. ఎవరి పేరూ లేదు, ఎవరి ఆరోగ్యమూ ఎవరికీ తెలియదు. ఓదెలు పెన్షన్ దాకా నెట్టుకొచ్చి దిగిపోయాడు. ఇప్పుడు ఇంకెన్నో గనుల్లో ఆ బిళ్ళలే వాడుతున్నారు.

ఆ మిషన్ ఎవరి ఊపిరిలా ఊదాలో మేం అప్పుడు వెతుక్కోనక్కరలేకపోయింది. ఆరు నెలల పరీక్షల్లో దాచిన ఊపిరి మా దగ్గర ఉంది.

ఒక మధ్యాహ్నం సదానందం ఆటోలో ల్యాబుకు వచ్చాడు, పాత అలవాటు ప్రకారం టిఫిన్ క్యారియర్ పట్టుకుని. గుమ్మం దగ్గర నిలబడి కాసేపు ఆయాసం తీర్చుకున్నాడు. బల్ల మీద మిషన్ వరసగా బిళ్ళల మీద ఊదుతోంది. పొడుగ్గా, బలంగా, చివర చిన్న విరుపుతో.

ఆయన చాలాసేపు విన్నాడు.

"కబడ్డీ ముక్కు" అన్నాడు చివరికి.

ఆయన ఒక బిళ్ళ తీసుకుని పెదవుల దగ్గర పెట్టుకుని ఊదాడు. ఊపిరి కొలబద్దకు కుదిరితే వెలగాల్సిన పచ్చ లైటు వెలగలేదు. మళ్ళీ ఊదాడు. దగ్గు వచ్చింది.

"గా మిషన్ జర బంద్ చెయ్యి రజితా" అన్నాడు. "దాని ముంగట నాకు ఊదబుద్ధయితలేదు."

ఆమె మిషన్ ఆపింది. ఆయన చేతిలోని బిళ్ళను తీసుకుని, దానిలోని పాత కొలబద్దను చెరిపేసి, మళ్ళీ ఆయన నోటి ముందు పట్టుకుంది. "ఇప్పుడు ఊదు" అంది. ఊదాడు. పచ్చ లైటు వెలిగింది. ఆయన పిల్లవాడిలా నవ్వాడు. ఆ ఒక్క బిళ్ళకు ఇప్పటి ఆయన ఊపిరే కొలబద్ద. అది ఏ గనిలోనూ పనికిరాదు కాబట్టి ఇంటికి తీసుకుపోయి వంటింట్లో గ్యాసు పొయ్యి పక్కన మేకుకు తగిలించుకున్నారు. రోజూ పొద్దున టీ తాగే ముందు ఆయన దాని మీద ఒకసారి ఊదుతాడు, పచ్చ లైటు వస్తుంది, రజిత డ్యూటీకి వస్తుంది.

మొన్న సోమవారం ఆమె ల్యాబుకు ఆలస్యంగా వచ్చింది. బ్యాగు కూడా తీయకుండా నా ఎదురుగా కూర్చుంది.

"ఇయ్యాల పచ్చ రాలేదక్కా. ఎర్రగొచ్చింది" అంది. కొంచెం ఆగి, "బిళ్ళ మొద్దుబారినట్టుంది" అంది.

"అయ్యుంటుంది. వంటింటి సెగ కదా" అన్నాను.

గీత ఎత్తొక్కటే తగ్గిందా, పొడుగు కూడా తగ్గిందా అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.